ద్వారపాలకుడు చెప్పిన గుట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కేంబ్రిడ్జి అను నగరము కలదు. అందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1960 దశకమున ఒకనాడు ఒక వింత జరిగెను. ఆ సంస్థలోని విద్వాంసులు తమ తమ గదులలో టైపు యంత్రముల ముందు కూర్చుండి, తంతిమార్గమున దూరముననున్న కంప్యూటరుచేత పని చేయించుకొనుచుండిరి. పని ప్రారంభించునపుడు ప్రతివాడును తన పేరును, తనకు మాత్రమే తెలిసిన ఒక రహస్యపదమును టైపు చేయవలెను. ఈ రహస్యపదమునే నేడు పాస్‌వర్డు అనుచున్నారు. అవి సరిగా నున్నచో కంప్యూటరు అతనిని లోనికి రానిచ్చి, ఆ దినమున అందరును తెలిసికొనవలసిన ప్రకటన ఏదైన నున్నచో దానిని కాగితముపై అచ్చువేసి చూపును. ఆనాడు మాత్రము ప్రకటనకు బదులుగా పేళ్లును, పేళ్లకు ఎదురుగా రహస్యపదములును బారులు తీరి అచ్చుపడజొచ్చెను. లోనికి వచ్చిన ప్రతివానికిని తక్కిన వారందరి తాళపుచెవులును ఒక్క కాగితముమీద చేతికందినవి!

కారణము విచారింపగా ఇది ఎవరి దుర్బుద్ధివలనను జరిగినది కాదని తేలెను. రహస్యపదముల పట్టికను దిద్దుచున్న ఉద్యోగి ఒకడు, దినప్రకటనను దిద్దుచున్న ఉద్యోగి మరియొకడు. ఇరువురును ఒకే వేళ పనిలో నుండిరి. పత్రములను దిద్దు ప్రోగ్రాము దిద్దుబాటు ముగియువరకు ఒక తాత్కాలిక ప్రతిని వ్రాసి ఉంచుకొనును. ఆ ప్రతికి అది పెట్టు పేరు ఎల్లప్పుడును ఒకటియే. ఒకే చోట ఇరువురు ఒకే కాలమున దిద్దుబాటు చేయుదురని ఆ ప్రోగ్రామును వ్రాసినవారు తలంపలేదు. అందుచేత ఒకరి ప్రతి మరియొకరి ప్రతి స్థానమును ఆక్రమించెను. పట్టిక పోయి ప్రకటన ఉండవలసిన చోట కూర్చుండెను.

ఆ వ్యవస్థను నిర్మించినవారికి నాయకుడు ఫెర్నాండో కార్బటో అను శాస్త్రవేత్త. 1990వ సంవత్సరపు ట్యూరింగు బహుమానమును పొందిన సందర్భమున చేసిన ఉపన్యాసములో ఆయన ఈ వృత్తాంతమును దాచక చెప్పెను. తమ తప్పును సభలో తామే చెప్పుకొనగల పెద్దలు ఏ శాస్త్రమునందును తక్కువయే.

ఇట్టి ప్రమాదము బాహాటమైనది. ఇల్లు అంటుకొన్నచో ఊరంతయు చూచును, నీళ్లు పోయుటకు పరుగెత్తును. రహస్యపదములు బయటపడినవని అందరికిని తెలిసినది గనుక వానిని మార్చుకొనవలెనన్న సంగతియు అందరికిని తెలిసినది. కాని గోడలో కంటికి కానరాని సన్నని రంధ్రమున్నచో దాని సంగతి వేరు. దానిగుండ లోపలి మాట బయటికి పోవుచున్నను లోపలివారు నిశ్చింతగా నిద్రింతురు. అట్టి రంధ్రమొకటి కొన్ని సంవత్సరముల తరువాత మరియొక కంప్యూటరు వ్యవస్థలో బయటపడెను. దానిని తెలిసికొనుటకు ముందు ఆనాటి కంప్యూటర్ల తీరును కొంత ఎరుగవలెను.

ఆ కాలమున కంప్యూటరు ఒక గదిని నింపివేయునంతటి యంత్రము. దానిని ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున కొనియిచ్చుట ఏ సంస్థకును సాధ్యము కాదు. కావున ఒకే యంత్రమును పలువురు పంచుకొను పద్ధతి పుట్టెను. చదరంగములో ఆరితేరినవాడు పదిమందితో ఒకేమారు ఆడునపుడు ఒక బల్లయొద్ద ఒక ఎత్తు వేసి మరియొక బల్లయొద్దకు పోవును గదా! అట్లే కంప్యూటరును ఒకని పనిని రవ్వంతసేపు చేసి, దానిని ఆపి, రెండవవాని పనికి పోవును, పిదప మూడవవానిది. దాని వేగము అమితమైనది గనుక, యంత్రమంతయు తన ఒక్కనికే ఊడిగము చేయుచున్నదని ప్రతివాడును భ్రమించును.

పంచుకొనుట యనగానే కాపలా అవసరమగును. ఉమ్మడి కుటుంబములో వంటయిల్లు ఒకటియే యైనను ఎవరి పెట్టె వారికి ఉండును. పెట్టెకు తాళమును ఉండును. ఆ కంప్యూటరులోను అంతే. ఒకని పెట్టెలో సగము వ్రాసిన గ్రంథముండును, మరియొకని పెట్టెలో మిత్రులకు వ్రాసిన ఉత్తరములుండును, వేరొకని పెట్టెలో నెలల తరబడి కూడబెట్టిన గణితఫలితము లుండును. ఒకని పెట్టెను ఇంకొకడు తెరవకుండ చూచుచు, యంత్రము యొక్క కాలమును, స్థలమును అందరికిని పంచిపెట్టు పెద్ద ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. నేడు మన చేతిలోని సెల్‌ఫోనునందు కూడ అట్టిది ఒకటి కలదు.

టెనెక్స్ అనునది అట్టి ఆపరేటింగు సిస్టములలో పేరు పొందినది. దానిని కేంబ్రిడ్జిలోనే యున్న బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అను సంస్థవారు 1970 ప్రాంతమున, పీడీపీ-10 అను కంప్యూటరు కొరకు నిర్మించిరి. అది సామాన్యుల చేతిపని కాదు. 1971లో ఆ సంస్థయందే రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక టెనెక్స్ యంత్రమునుండి మరియొక టెనెక్స్ యంత్రమునకు కంప్యూటర్ల వలగుండ ఉత్తరమును పంపెను. ఈమెయిలు చిరునామాలో మనుష్యుని పేరునకును స్థలము పేరునకును నడుమ నేడు కానవచ్చు 'ఎట్' గుర్తును ఆ పనికి మొదట ఉపయోగించినవాడు అతడే. అంతటి నేర్పరులు కట్టిన కోట యది. ఆ కోట ద్వారమునందే రంధ్రముండెను.

టెనెక్సులో ఒకని పెట్టెలోని పత్రములను వేరొకడు చూడదలచినచో దానికొక పద్ధతి కలదు. అతని ప్రోగ్రాము ఆపరేటింగు సిస్టమునకు 'కనెక్టు' అను విన్నపమును పంపవలెను. ఫలానివాని పెట్టెను తెరువుము, ఇదిగో రహస్యపదము, అని దాని భావము. ఆపరేటింగు సిస్టము ఆ పదమును తనయొద్దనున్న నిజమైన పదముతో పోల్చిచూచును. రెండును ఒకటియైనచో పెట్టె తెరచుకొనును. కానిచో ద్వారపాలకుడు మూడు సెకనులు ఊరకుండి, పిమ్మట 'తప్పు' అని ఒక్కమాట చెప్పును.

ఆ మూడు సెకనుల జాగు సోమరితనము కాదు. అది ఎంతో ఆలోచించి పెట్టిన కట్టడి. మనుష్యుడు చేతితో టైపు చేసి ఊహించుట నెమ్మదియైన పని. కాని ప్రోగ్రాము చేతనే ఊహ వెంబడి ఊహను పంపించినచో అది ఒక్క గడియలో వేలకొలది పదములను ప్రయత్నించి చూడగలదు. ప్రతి తప్పునకును మూడు సెకనులు ఆగవలసివచ్చినచో దాని వేగము దానికి అక్కరకు రాదు.

ఇక్కడ కొంచెము లెక్క చూడవలెను. టెనెక్సులో ఒక్కొక్క అక్షరస్థానమున ఉండదగిన గుర్తులు 128. ఒక్క గుర్తుగల రహస్యపదమైనచో 128 ప్రయత్నములలో దొరకిపోవును. రెండు గుర్తులైనచో 128ని 128చే గుణింపవలెను, 16,384 అగును. ఆరు గుర్తులైనచో ఆ సంఖ్య 4 లక్షల 39 వేల కోట్లను దాటును. అదృష్టము సగమువరకు తోడ్పడుననుకొన్నను 2 లక్షల 19 వేల కోట్ల ప్రయత్నములు కావలెను. ఒక్కొక్కదానికి మూడు సెకనుల చొప్పున లెక్కించినచో 2 లక్షల సంవత్సరములకు మించును. ఇంటి పేరో, పెంపుడు కుక్క పేరో రహస్యపదముగా పెట్టుకొను అమాయకుల సంగతి వేరు. అడ్డదిడ్డముగా ఏర్చుకొన్న ఆరు గుర్తుల పదమును ఊహించి పట్టుట మనుష్యునకే గాదు, మనుష్యజాతికే సాధ్యము కాదు. కోటను కట్టినవారు నిశ్చింతగా నుండుటకు ఇంతకన్న ఏమి కావలెను?

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాగియున్నది. ద్వారపాలకుడు పదమంతటికిని కలిపి ఒకేమారు అవుననియో కాదనియో చెప్పవలెను. ఏ అక్షరమువరకు సరియైనదో, ఏ అక్షరమువద్ద తప్పినదో అతని నోట వెలువడరాదు. పెట్టెలకు వేయు అంకెల తాళమును చూచియుందురు. దానికి మూడు చక్రములుండును. ఒక్కొక్క చక్రముపై సున్న మొదలు తొమ్మిది వరకు పది అంకెలుండును. మూడును సరిగా కుదిరిననే తాళమూడును. 000 మొదలు 999 వరకు వేయి సంఖ్యలను త్రిప్పి చూడవలెను. కాని తాళము నాసిరకమై, మొదటి చక్రమున సరియైన అంకె రాగానే 'టిక్కు'మని చప్పుడైనచో? అప్పుడు మొదటి చక్రమును పదిమార్లు, రెండవదానిని పదిమార్లు, మూడవదానిని పదిమార్లు, వెరసి ముప్పదిమార్లకు మించి త్రిప్పనక్కరలేదు. వేయి ముప్పదియైనది! తాళము విరుగలేదు, చక్రము చెడలేదు. చిన్న చప్పుడు మాత్రమే బయటికి వచ్చినది.

టెనెక్సు ద్వారమున అట్టి చప్పుడు ఎక్కడనుండి వచ్చెనో తెలియుటకు మరియొక సంగతి కావలెను. కంప్యూటరు తాను పనిచేయుచున్న విషయములను ఉంచుకొను స్థలమునకు మెమొరీ యని పేరు. టెనెక్సు ఆ స్థలమును పుస్తకమువలె పుటలుగా విభజించెను. ఒక్కొక్క పుటలో 512 గళ్లు; ఒక్కొక్క గడిలో అయిదు గుర్తులు పట్టును; అనగా పుటకు 2,560 గుర్తులు. ప్రతి ప్రోగ్రామునకును దానికి కావలసినన్ని పుటలను మాత్రమే ఇత్తురు. తనకు లేని పుటను ప్రోగ్రాము చదువబోయినచో యంత్రము వెంటనే పని ఆపి, 'ఆ పుట నీకు లేదు' అని దానికి తెలియజేయును. ఇది శిక్ష కాదు, ఉపకారము. ఆ కబురు అందుకొన్న ప్రోగ్రాము కావలెనన్నచో కొత్త పుటను తెప్పించుకొని పనిని కొనసాగించుకొనును. టెనెక్సును నిర్మించినవారు ఈ మర్యాదను ఒక్క మెట్టు పైకి గూడ పొడిగించిరి. ప్రోగ్రాము పంపిన విన్నపమును నెరవేర్చుచు ఆపరేటింగు సిస్టమే ఆ ప్రోగ్రామునకు లేని పుటను చదువవలసి వచ్చినను, అదే కబురు తిన్నగా ప్రోగ్రామునకు పోవును.

ఇప్పుడొక ద్వారపాలకుని ఊహింపుడు. అతడు మిక్కిలి నిజాయితీపరుడు. వచ్చినవాడు రహస్యపదమును చీటిపై వ్రాసి ఈయవలెను. ద్వారపాలకుడు చీటిలోని మొదటి అక్షరమును చూచును. అది తప్పైనచో తక్కినవానిని చూడనే చూడడు, ఏల చూడవలెను? మూడు సెకనులు ఆగి 'తప్పు' అనును. మొదటిది సరియైనచో రెండవ అక్షరమును చూచును. అదియు సరియైనచో మూడవది. అక్షరములను పోల్చుటకు ఎవరైనను అనుసరించు పద్ధతి ఇదియే.

ఒకనాడు ఒక టక్కరి వచ్చి, మొదటి అక్షరమునకు తరువాత చించివేసిన చీటిని అందించెను. చీటిపై ఒక్క అక్షరమే యున్నది. మిగిలిన భాగము లేదు. రహస్యపదము 'తలుపు' అనుకొనుడు. టక్కరి వ్రాసినది 'క'. ద్వారపాలకుడు మొదటి అక్షరమును చూచి, తప్పని గ్రహించి, మూడు సెకనులకు 'తప్పు' అనెను. చీటి చినిగియున్నదని అతనికి తెలియనే తెలియదు. తెలిసికొనవలసిన అవసరము రాలేదు. టక్కరి 'గ' వ్రాసి మరియొక చినిగిన చీటి నిచ్చెను. మరల 'తప్పు'. ఇట్లు పోగా పోగా 'త' వ్రాసిన చీటి వచ్చెను. మొదటి అక్షరము సరిపోయినది గనుక ద్వారపాలకుడు రెండవ అక్షరము కొరకు చూచెను. చీటి లేదు! వెంటనే, 'అయ్యా, మీ చీటి చినిగియున్నది. రెండవ అక్షరము కనబడుట లేదు' అని మర్యాదగా చెప్పెను.

టక్కరికి కావలసినది అదియే. రెండవ అక్షరమును చూడబోయినాడనగా మొదటిది సరియైనదన్నమాట. మౌనము అర్ధాంగీకారమని పెద్దలందురు. ఇక్కడ మౌనము కూడ కాదు, మర్యాదయే పూర్ణాంగీకారమయ్యెను. తరువాత టక్కరి 'త' ప్రక్కన ఒక్కొక్క అక్షరమును వ్రాసి, రెండవదాని తరువాత చించిన చీటిని తెచ్చును. 'లు' దొరకును. పిదప మూడవది. తుది అక్షరము కుదిరిన వేళ ద్వారమే తెరచుకొనును.

కంప్యూటరులో చీటిని చించుట యనగా ఏమి? ప్రోగ్రాము తాను పంపబోవు పదముయొక్క మొదటి గుర్తును ఒక పుటలోని కట్టకడపటి స్థానమున ఉంచును. ఆ తరువాతి పుట తనకు లేకుండ చేసికొనును. రెండవ గుర్తు ఆ లేని పుటలో ఉండవలెను. ఇక 'కనెక్టు' విన్నపమును పంపును. మూడు సెకనుల తరువాత 'తప్పు' అని వచ్చినచో ఊహ తప్పు. 'ఆ పుట నీకు లేదు' అని వచ్చినచో ఊహ సరి. పిమ్మట రెండు గుర్తులను పుట చివర ఉంచి రెండవదానిని వెదకును.

ఒక్కొక్క గుర్తునకు 128 ప్రయత్నములకు మించి అక్కరలేదు. సగటున 64 చాలును. ఆరు గుర్తులకు 384. మూడేసి సెకనుల చొప్పున 1,152 సెకనులు. పందొమ్మిది నిమిషముల పైచిలుకు. 2 లక్షల సంవత్సరములు పట్టవలసిన పని ఒక్క బడిగంట మ్రోగి మరియొక గంట మ్రోగులోపల ముగిసిపోవును. పైగా సరియైన ఊహకు మూడు సెకనుల జాగు కూడ ఉండదు. కబురు తత్‌క్షణమే వచ్చును. కాపలాగా పెట్టిన జాగు దొంగకే సైగ చేసినట్లయ్యెను.

ఈ లోపమును 1974లో అలాన్ బెల్ అనునాతడు కనిపెట్టెను. అప్పటికి టెనెక్సు పెక్కు పరిశోధనాలయములలో వాడుకలో నుండెను. బట్లర్ లాంప్సన్ అను ప్రసిద్ధ శాస్త్రవేత్త 1983లో కంప్యూటరు వ్యవస్థలను నిర్మించువారికి హితవులు చెప్పుచు వ్రాసిన వ్యాసములో దీనిని వివరించెను. ఆ వ్యాసమువలననే ఈ కథ లోకమునకు ఎక్కువగా తెలిసినది.

ఇందు తప్పెవరిదని అడిగినచో జవాబు చెప్పుట కష్టము. మూడు సెకనులు ఆగుమని కట్టడి చేసినవాడు తెలివిగలవాడే. మొదటినుండి ఒక్కొక్క అక్షరమును పోల్చి, తప్పు కనబడగానే ఆగుమని వ్రాసినవాడును తెలివిగలవాడే, వృథాశ్రమను తగ్గించెను. లేని పుటను గూర్చి ప్రోగ్రామునకు వెంటనే తెలియజేయుమని ఏర్పాటు చేసినవాడు వారిరువురికన్నను ఉదారుడు. మువ్వురి పనులను విడివిడిగా పరీక్షించినవానికి లోపము దొరకదు. ఒక పని వేరొక పనిని కలిసికొను మూలలో రంధ్రమున్నది. లాంప్సన్ పండితుడు చెప్పిన సంగతియు దాదాపు ఇదియే: విన్నపమునకు వచ్చు సమాధానములు 'సరి', 'తప్పు' అని రెండే యని నిర్మాతలు తలంచిరి, మూడవ సమాధానము కూడ కలదని వారికి తోచలేదు. ఆ మూడవది ద్వారపాలకునికి చెప్పకుండ, అతనిని దాటుకొని, తిన్నగా బయటివానికి చేరుచుండెను. ద్వారపాలకుడు గుట్టు చెప్పెనని పైన అన్నమాట ఒక విధముగా అతనికి అన్యాయము. గుట్టు అతని నోటినుండి వచ్చుచున్నదని అతనికే తెలియదు.

మరమ్మతు కష్టమైనది కాదు. పదమును పోల్చుటకు ముందే ద్వారపాలకుడు చీటిని మొదటినుండి చివరవరకు తన పలకమీదికి ఎక్కించుకొనవలెను. చీటి చినిగియున్నచో ఆ సంగతి అప్పుడే తేలిపోవును. అక్షరము సరియో తప్పో అప్పటికి అతనికే తెలియదు గనుక అతని మాటవలన ఇతరులకును తెలియదు. మరియొక మార్గమును కలదు. 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనువారు యూనిక్స్ అను ఆపరేటింగు సిస్టములోని రహస్యపదముల చరిత్రను వ్రాసిరి. యూనిక్సులో అసలు పదమును దాచుకొనరు. పిండిమరలో పోసిన గింజలు మరల గింజలు కానట్లు, వెనుకకు త్రిప్పరాని లెక్కతో పదమును మార్చి, ఆ మారిన రూపమును మాత్రమే ఉంచుకొందురు. లోనికి రాదలచినవాడు ఇచ్చిన పదమును కూడ అట్లే మార్చి రెండు రూపములను పోల్చుదురు. ఒక్క అక్షరము మారినను రూపమంతయు మారిపోవును గనుక, మొదటి అక్షరము వరకు సరి యను మాటకే అర్థముండదు. కేంబ్రిడ్జిలో జరిగినట్లు పట్టిక అచ్చుపడినను దానిని చూచినవానికి వెంటనే తాళపుచెవి దొరకదు.

చీటిని పూర్తిగా ఎక్కించుకొన్నను ఒక చిక్కు మిగిలియే యున్నది. మొదటి అక్షరమువద్ద ఆగిపోవుటకును అయిదవ అక్షరమువద్ద ఆగిపోవుటకును పట్టుకాలములో రవ్వంత తేడా యుండును. ఆ తేడా సెకనులో ఏ కోటవ వంతో కావచ్చును. చేతి గడియారమునకు అందదు. కంప్యూటరు గడియారమునకు అందవచ్చును. రహస్యలిపులను లెక్కగట్టుటకు యంత్రము పట్టుకాలమును కొలిచి ఆ రహస్యమునే రాబట్టవచ్చునని పాల్ కోచర్ అను శాస్త్రవేత్త 1996లో నిరూపించెను. అప్పటినుండి జాగ్రత్తపరులు రహస్యములను పోల్చు ప్రోగ్రాములను విచిత్రముగా వ్రాయుచున్నారు: మొదటి అక్షరమే తప్పైనను చివరి అక్షరమువరకు చూచియే తీరవలెను. పని ముగిసిన తరువాతను పనిచేయుచున్నట్లుండుట మరియే ప్రోగ్రామునకును గుణము కాదు.

కొలిచిన కాలము ఎంత గొప్ప గుట్టును బయటపెట్టగలదో లోకమునకు 2018 జనవరి 3వ తేదీన తెలిసెను. ఆ దినమున 'మెల్ట్‌డౌన్' అను లోపమును ప్రకటించిరి. ఇది కంప్యూటరు గుండెకాయ యనదగిన ప్రాసెసరులోనే యున్న లోపము. ఇంటెల్ సంస్థ నిర్మించిన ప్రాసెసర్లలో పెక్కింట ఇది కలదు. ఆపరేటింగు సిస్టము తన కొరకు దాచుకొన్న మెమొరీని సామాన్యమైన ప్రోగ్రాము చదువుటకు దీనివలన వీలు కలిగెను. ఆ మెమొరీలో ఇతరుల రహస్యపదములు, ఉత్తరములు, ఏవైన ఉండవచ్చును.

దీని తీరు ఒక గ్రంథాలయములో జరిగినట్లు చెప్పినచో సుళువుగా తెలియును. గ్రంథాలయములో ఎవరికిని చూపగూడని ఒక చిట్టా కలదు. అందు ఒక సంఖ్య వ్రాసియున్నది. ఒక బాలుడు వచ్చి, 'చిట్టాలోని సంఖ్య ఏదో ఆ సంఖ్యగల పుస్తకమును ఇప్పింపుడు' అనెను. అధికారి అనుమతిపత్రమును పరీక్షించుచుండగా, చురుకైన గుమాస్తా ఊరక నిలువలేక ముందే చిట్టాను తెరచి, 37 అని చూచి, బీరువానుండి 37వ పుస్తకమును తెచ్చి బల్లమీద పెట్టెను. అంతలో అధికారి 'అనుమతి లేదు' అనెను. గుమాస్తా చిట్టాను మూసివేసి, బాలునితో లేదని చెప్పి పంపెను. కాని పుస్తకమును బీరువాలో మరల పెట్టలేదు. బాలుడు తిరిగి వచ్చి తనకు అనుమతియున్న పుస్తకములను ఒక్కొక్కటిగా అడుగజొచ్చెను. ఒకటవది తెచ్చుటకు కొంతసేపు పట్టెను, రెండవదియు అంతే. 37వది మాత్రము చిటికెలో చేతికి వచ్చెను. చిట్టాలోని సంఖ్య ఏదో ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

నేటి ప్రాసెసర్లు ఆ గుమాస్తా వంటివి. ఆజ్ఞకు అనుమతి యున్నదో లేదో తేలులోపలనే తరువాతి పనులను ముందుగా చేసి ఉంచుకొనును. అనుమతి లేనిచో ఫలితమును పారవేయును. కాని దగ్గరకు తెచ్చి ఉంచుకొన్న మెమొరీ భాగము అక్కడనే యుండిపోవును. దేనిని చదువుటకు తక్కువకాలము పట్టినదో కొలిచినచో పారవేసిన ఫలితము తెలిసిపోవును. ఒక్కొక్క మెమొరీ గడిలో ఉండదగిన విలువలు 256 మాత్రమే గనుక ఆ కొలతలు యంత్రమునకు శ్రమ కాదు. 1974లో చినిగిన చీటి చెప్పిన మాటనే 2018లో బల్లమీది పుస్తకము చెప్పెను.

ఈ లోపమును కనుగొన్నవారు ఒక్కరు కారు. గూగుల్ సంస్థలోని పరిశోధకులును, జర్మనీలోని సైబెరస్ టెక్నాలజీ అను సంస్థవారును, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారును ఎవరికి వారుగా దీనిని గుర్తించిరి. గ్రాజ్ వారి సంగతి ఆశ్చర్యకరము. 2017లో, వేరొక చిన్న లోపమును అరికట్టుటకై, వారు ఆపరేటింగు సిస్టముయొక్క మెమొరీని ప్రోగ్రాముల కంటికే కానరాకుండ విడదీయు ఏర్పాటునొకదానిని ప్రకటించియుండిరి. గ్రంథాలయపు చిట్టాను గుమాస్తా చేతికందని గదిలోనికి మార్చినట్లు అనుకొనుడు. మెల్ట్‌డౌనునకు మందేదని వెదకగా ఆ ఏర్పాటే సరిపోయెను. మందును ముందు నూరి, రోగమును తరువాత కనుగొన్న వైద్యుల కథ వైద్యశాస్త్రములోను అరుదు. లినక్స్ అను ఆపరేటింగు సిస్టము ఆ ఏర్పాటునుండి రూపొందించిన పద్ధతిని స్వీకరించెను; విండోసును, ఆపిల్ సంస్థవారి మేక్ యంత్రములును అట్టి రక్షణలనే అమర్చుకొన్నవి.

దానికి వెల చెల్లింపవలసివచ్చెను. చిట్టా వేరు గదిలోనికి పోయినందున నిజముగా అనుమతియున్న విన్నపము వచ్చినపుడెల్ల ఆ గదికి పోయి రావలెను. తరచుగా ఆపరేటింగు సిస్టమును పిలుచు పనులు కొంత మందగించెను. ఆ మందగతిని కంప్యూటరు నిర్వాహకులు గొణుగుకొనుచునే ఒప్పుకొనిరి. పిమ్మట వచ్చిన ప్రాసెసర్లలో ఇంటెల్ వారు ఆ లోపమును యంత్రమునందే సరిదిద్దిరి. అట్టి యంత్రములలో చిట్టాను వేరు గదిలో దాచవలసిన అవసరము లేదు. పాత యంత్రములయందు మాత్రము గుమాస్తా ప్రతి విన్నపమునకును లేచి ఆ గదివరకు నడచి రావలసినదే.